గాజు మీద యంత్రం చేవ్రాలు

పెళ్లిపందిట్లో రాత్రిపూట ఫొటో తీస్తే మనిషి ముఖం స్పష్టంగా వచ్చి, వెనకాల సీరియల్ బల్బులు మసకబారి గుండ్రటి వెలుగుబిళ్లలవుతాయి. అందులో ఒక బిళ్లను పెద్దది చేసి చూడండి. కొన్ని లెన్సులతో తీసిన ఫొటోల్లో ఆ బిళ్ల నిండా ఒకదానిలో ఒకటి ఒదిగిన సన్నని వలయాలుంటాయి, అడ్డంగా కోసిన ఉల్లిపాయ చక్రంలో ఉన్నట్టు. ఫొటోగ్రాఫర్లు వాటిని ఉల్లిపాయ వలయాలనే పిలుస్తారు. తప్పు బల్బుది కాదు, సెన్సరుదీ కాదు. ఆ లెన్సులో గోళాకారం కాని ఒక గాజుబిళ్ల ఉంది. దాన్ని వేడిచేసి అచ్చులో ఒత్తి చేశారు. ఆ అచ్చును చెక్కిన యంత్రం నడిచిన దారి, పడిన తడబాటు, మైక్రానులో ఏ చిన్న వంతు లోతులోనో అచ్చు మీద మిగిలిపోయాయి. అచ్చు మీద ఉన్నది అందులోంచి వచ్చిన ప్రతి బిళ్లకూ అంటుకుంది. 2016లో సోనీ తన కొత్త ఆస్ఫెరికల్ లెన్సుల గురించి చెప్పుకున్న గొప్ప కూడా ఈ వలయాలను ఆపడం గురించే: ఉపరితలం 0.01 మైక్రాను కచ్చితత్వంతో ఉంటుందని.

గాజును సానపట్టే యంత్రం వణికితే ఆ వణుకు గాజు మీద ఏ రూపంలో మిగులుతుంది? దాన్ని పుట్టకుండా ఆపాలా, పుట్టాక తుడవాలా? ఆప్టిక్స్ తయారీలో ఉన్నవాళ్లను దశాబ్దాలుగా వదలని ప్రశ్న ఇది. దీని మీద వచ్చిన పరిశోధనలు చాలావరకు రెండు జట్లుగా కనబడతాయి. యంత్రాన్ని కొండలా బిగిస్తే చాలంటుంది ఒక జట్టు. గ్రైండింగు ఎలాగూ ముతక పనే, పాలిష్‌లో అంతా పోతుందంటుంది రెండోది. ఇల్లు అలకగానే పండగ కాదన్న సంగతి ఈ రెండో జట్టు మరిచిపోతుందన్నది నా ఫిర్యాదు. మొదటి జట్టు మీద కూడా నాకో ఫిర్యాదు ఉంది, దాని దగ్గరికి తరవాత వద్దాం.

పొలం చదును చేసిన చెయ్యికి ఈ దోషాల లెక్క చటుక్కున అందుతుంది. మడి మొత్తం ఒక మూలకు వాలి ఉంటే అది ఆకారదోషం. కాలికి గుచ్చుకునే మట్టిబెడ్డలు గరుకుతనం. ఈ రెంటికీ మధ్య నాగలి చాళ్లున్నాయి. వాలు పక్కన పెడితే చిన్నవి, బెడ్డల పక్కన పెడితే పెద్దవి, పైగా ఒకే ఎడంతో వరసగా నడుస్తాయి. గాజు మీద వాటిని నడిమి అలలు అందాం. ఒక అలకూ ఇంకో అలకూ ఎడం మిల్లీమీటరులో పదో వంతు మొదలుకొని కొన్ని సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆకారదోషాన్ని ఇంటర్‌ఫెరోమీటరు పట్టేస్తుంది. గరుకుతనం ప్రొఫైలోమీటరుకు దొరుకుతుంది. నడిమిది మాత్రం చాలాకాలం రెంటి మధ్యా జారిపోయింది. కొలిచే పరికరం లేక కాదు, ఆర్డరు కాగితంలో దానికంటూ ఒక గడి లేక.

ఆ గడిని గట్టిగా పెట్టించినవాళ్లలో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల ఒకటి. 192 లేజర్ కిరణాలను ఒక చిన్న గుళిక మీదికి గురిపెట్టే నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ కోసం వేలకొద్దీ పెద్ద గాజుపలకలు కావలసివచ్చాయి. అంత తీవ్రమైన కాంతి గాజులోంచి పోతున్నప్పుడు గాజు గుణమే కాస్త మారుతుంది. ఉపరితలం మీద ఉన్న చిన్న అల కాంతిలో చిన్న ఎగుడుదిగుడు పుట్టిస్తే, అది ముందుకు పోయేకొద్దీ తనంతట తానే పెరిగి చివరికి గాజునే పగలగొడుతుంది. బెస్పలోవ్, తలనోవ్ అనే సోవియట్ శాస్త్రవేత్తలు 1966లోనే ఈ పెరుగుదలకు లెక్క కట్టారు. అందుకే లివర్‌మోర్‌లో 0.12 నుంచి 2.5 మిల్లీమీటర్ల ఎడం ఉన్న అలలకు ఒక హద్దు, 2.5 నుంచి 33 మిల్లీమీటర్ల అలలకు వేరే హద్దు విధించారు. ఏ ఎడంలో ఎంత దోషం ఉందో విడదీసి చూపే ఇలాంటి వర్ణపటపు లెక్క ఇప్పుడు ఆప్టికల్ డ్రాయింగుల అంతర్జాతీయ ప్రమాణాల్లో కూడా చోటు సంపాదించుకుంది.

ఆకారదోషానికీ అలలకూ ఉన్న తేడాను హబుల్ కథ కంటే బాగా చెప్పేది లేదు. 1990 ఏప్రిల్‌లో అంతరిక్షానికి వెళ్లిన ఆ టెలిస్కోపు 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర సుమారు 2.2 మైక్రాన్ల మేర ఎక్కువ చదునుగా ఉంది. పరీక్షించే పరికరంలో ఒక కటకం ఉండవలసిన దూరానికి 1.3 మిల్లీమీటర్ల తేడాతో అమరడం దీనికి మూలం. అద్దం మాత్రం అద్భుతమైన నునుపు. తప్పుడు ఆకారాన్ని తు.చ. తప్పకుండా సాధించారన్న మాట. తప్పు పెద్దదే అయినా నునుపైన తప్పు కాబట్టి, 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దానికి కళ్లజోడు లాంటి సవరణ అమర్చగలిగారు. అదే అద్దం నిండా మిల్లీమీటరు ఎడంలో అలలుండి ఉంటే? వందలకొద్దీ చాళ్లకు ఎదురుచాళ్లు చెక్కిన కళ్లజోడు ఎవరూ చేయలేరు.

ఎంత ఎత్తు అల ఉంటే ఎంత నష్టం? అద్దం మీద పడి తిరిగొచ్చే కాంతికి దోషం రెట్టింపవుతుంది. కొండ నుంచి లోయ దాకా కేవలం 14 నానోమీటర్లున్న అలను తీసుకుందాం. హీలియం నియాన్ లేజరు ఎర్రకాంతిలో, అంటే 633 నానోమీటర్ల దగ్గర, ఆ అల వందలో ఒక వంతు కాంతిని దారి తప్పిస్తుంది. ఒక శాతమేగా అనిపించవచ్చు. చిక్కు ఎంత పోయిందన్నదానిలో లేదు, ఎటు పోయిందన్నదానిలో ఉంది. గరుకుతనం కాంతిని నలువైపులా చెదరగొట్టి పలచని పొగమంచులా పరుస్తుంది. ఒకే ఎడంలో ఉన్న అలలు అలా కాదు, పట్టిపట్టి ఒకే కోణంలోకి తోస్తాయి. ఎడం మిల్లీమీటరైతే ఆ కోణం సుమారు 130 ఆర్క్‌సెకన్లు. ఆకాశంలో గురుగ్రహం బిళ్ల వెడల్పు సుమారు 50కి మించదు. ప్రకాశమానమైన నక్షత్రానికి అటూ ఇటూ లేని చుక్కలు మొలుస్తాయి. పక్కనున్న మినుకుమినుకు గ్రహం కోసం వెతికేవాళ్ల కొంప ఇక్కడే మునుగుతుంది.

ఇది కొత్త చిక్కేమీ కాదు. 1880లలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోలండ్, కాంతిని రంగులుగా విడదీయడానికి లోహపు అద్దం మీద వేలకొద్దీ గీతలు గీసే యంత్రం తయారుచేశాడు. ఆ యంత్రాన్ని ముందుకు నడిపే మరలో ఒక్కో చుట్టుకూ ఒకసారి వచ్చే అతిచిన్న తప్పు, వర్ణపటంలో అసలు గీతలకు ఇరుపక్కలా దొంగగీతలుగా తేలేది. వాటికి దయ్యాలని పేరు పెట్టారు. మర తప్పు, లెన్సు మీద అల, ఫొటోలో ఉల్లిపాయ వలయం: మూడూ ఒకే దయ్యం వేషాలు.

మరో సంగతి. అల పీడ అందరికీ సమానం కాదు. అదే అల కాంతి లోపలికి పోయే లెన్సు మీద ఉంటే అద్దంతో పోలిస్తే నష్టం సుమారు పదహారో వంతు. పది మైక్రాన్ల కాంతితో పనిచేసే థర్మల్ కెమెరా జెర్మేనియం లెన్సు మీద ఉంటే లెక్కలోకే రాదు. అదే చిప్‌ల తయారీలో వాడే 13.5 నానోమీటర్ల కాంతికి ఒక నానోమీటరులో పదో వంతు తేడా వచ్చినా ఒక శాతం దాకా పోతుంది. అందువల్ల ఫలానా యంత్రం ఇన్ని నానోమీటర్ల కచ్చితత్వం ఇస్తుందని ఒకే అంకె చెప్పే కరపత్రాన్ని నేను నమ్మను. ఏ కాంతికి, ఏ ఎడంలో అన్నది చెప్పని అంకె, సేరా కిలోనా చెప్పని తూకం లాంటిది.

ఇప్పుడు వెనక్కి వెళ్లి ఒక విచిత్రం చూద్దాం. మూడువందల ఏళ్లపాటు గాజును సానపట్టినవాళ్లకు యంత్రం వణుకు పెద్ద సమస్య కానేలేదు. కారణం వాళ్ల పద్ధతి. రెండు గాజుబిళ్లల మధ్య నీళ్లలో కలిపిన కురువిందం పొడి వేసి రుద్దేవాళ్లు. (ఇంగ్లిషులో ఆ ఖనిజానికున్న కోరండమ్ అన్న పేరు మన కురువిందం, తమిళ కురుందం మాటల నుంచి వెళ్లిందే.) పై బిళ్ల కింది బిళ్ల మీద తేలుతుంది. దాన్ని నడిపే చెయ్యిగానీ యంత్రపు ఊపుగానీ అటూఇటూ తోస్తాయి తప్ప ఎంత లోతు కొరకాలో శాసించవు. శాసించేది బరువు, వేగం. 1927లో ప్రెస్టన్ రాసిన సూత్రం చెప్పేది అదే: పోయే గాజు మందం ఒత్తిడికీ వేగానికీ అనులోమంగా ఉంటుంది. ఎత్తున్న చోట ఒత్తిడి పెరుగుతుంది, అక్కడే ఎక్కువ అరుగుతుంది. యంత్రం గడగడలాడినా సరే, ఆ తేలే బిళ్ల దాన్ని సగటు చేసేస్తుంది. న్యూటన్ కాలం నుంచి వాడుకలో ఉన్న పిచ్ అనే నల్లటి జిగురు ఇంకో మెట్టు పైకెళ్తుంది. నెమ్మదిగా నొక్కితే గాజు ఆకారానికి ఒదుగుతుంది, చిన్న ఎగుడు ఎదురైతే రాయిలా నిలిచి దాన్ని అరగదీస్తుంది.

మన దేశపు పెద్ద అద్దాల్లో ఒకటి ఈ బడిలో చదువుకున్నదే. కావలూరులోని వేణు బప్పు టెలిస్కోపు 2.34 మీటర్ల అద్దాన్ని బెంగళూరులో, భారత ఖగోళ భౌతిక సంస్థ సొంత వర్క్‌షాపులో సానపట్టి పాలిష్ చేశారు. 1986 జనవరిలో ఆ టెలిస్కోపుకు ఖగోళశాస్త్రవేత్త వేణు బప్పు పేరు పెట్టారు. ఆయన హైదరాబాదులో పెరిగి నిజాం కాలేజీలో చదువుకున్నవాడు, తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. ఆ టెలిస్కోపు పూర్తవడం మాత్రం ఆయన చూడలేదు, 1982లోనే పోయారు. ఆప్టిక్స్ పనిలో మన మచిలీపట్నానికీ వాటా ఉంది. అక్కడ 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి ఇప్పుడు రాత్రిపూట చూసే పరికరాలు చేస్తోంది.

పాత పద్ధతికి రెండు లోపాలున్నాయి. నెమ్మది, గోళాకారం మీద మోజు. రెండు తలాలు ఒకదాన్నొకటి అన్ని వైపులా రుద్దుకుంటే మిగిలేది గోళమే. గోళం కాని ఆకారం కావాలంటే, అదీ గంటల్లో కావాలంటే, వజ్రపు పొడి పొదిగిన వీల్‌ను కంప్యూటరు చెప్పిన దారిలో నడపాలి. అక్కడే ఆట నియమం తిరగబడింది. ఇక్కడ తేలేదేమీ లేదు. వీల్ ఎక్కడికెళ్తే గాజు అక్కడిదాకా పోతుంది. యంత్రం వంద నానోమీటర్లు వణికితే గాజు మీద వంద నానోమీటర్లు నమోదవుతుంది. ప్రెస్టన్ పాఠం నేర్చుకుని వచ్చిన తరానికి ఈ తేడా ఒంటబట్టడానికి చాలాకాలం పట్టింది. గ్రైండింగు ముతక పనే అన్న మాట ఆ పాతబడి నుంచి మిగిలిన అలవాటు.

వణుకు ఎక్కడి నుంచి వస్తుంది? జాబితా పెద్దదే. స్పిండిల్ (వీల్ తిరిగే ఇరుసు) బేరింగు, మోటారు, కూలెంట్ పంపు, గైడ్‌వే, పక్క షెడ్డులో ప్రెస్సు. వీటిలో వీల్ బరువు కుదరకపోవడం అన్నిటికన్నా మామూలుది. ఒక్క గ్రాము బరువు వీల్ మీద మధ్య నుంచి పది సెంటీమీటర్ల దూరంలో ఎక్కువుందనుకోండి. నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు ఆ గ్రాము సుమారు 40 న్యూటన్ల బలంతో, అంటే నాలుగు కిలోల బరువంత గట్టిగా, సెకనుకు వందసార్లు గుంజుతుంది. మైక్రానుకు 100 న్యూటన్ల దృఢత్వమున్న మంచి యంత్రమైనా ఆ గుంజుడుకు 0.4 మైక్రాన్లు కదులుతుంది. ఆకుపచ్చ కాంతి అలలో అది నాలుగింట మూడు వంతులు. వేగం రెట్టింపు చేస్తే బలం నాలుగింతలు. అన్నిటికంటే చిల్లర కారణం ఒకటుంది. వీల్‌ను ఆపాక కూలెంట్ కారుతూనే ఉంటే, రంధ్రాలున్న వీల్ కింది సగం నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. పొద్దున్నే స్విచ్చి వేయగానే అది వణుకుతుంది. అనుభవమున్న ఆపరేటరు కూలెంట్ ముందు కట్టేసి, వీల్‌ను కాసేపు ఉత్తినే తిప్పి ఆరనిచ్చి, అప్పుడు ఆపుతాడు.

గాజు మీద మిగిలే గీతల్ని చూసి దొంగను పట్టవచ్చు. సానపట్టిన గాజు పాలపొర కమ్మినట్టుంటుంది కదా అనుకోకండి. దాదాపు సమతలంగా, కంటి మట్టానికి పట్టుకుని వాలుగా చూస్తే ట్యూబ్‌లైటు ప్రతిబింబం అందులో కనబడుతుంది, అలలుంటే ఆ గీత వంకరలు పోతుంది. జాబ్, అంటే సానపడుతున్న గాజు, నిమిషానికి 60 చుట్లు తిరుగుతోందనుకుందాం, అంటే సెకనుకు ఒక చుట్టు. మధ్య నుంచి అంచుకు చక్రపు ఆకుల్లా 24 గీతలు లెక్క తేలితే కారణం సెకనుకు 24 సార్లు జరుగుతోంది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే మామూలు నాలుగు పోల్‌ల మోటారు బరువు మీద ఉన్నప్పుడు నిమిషానికి ఇంచుమించు 1440 చుట్లు తిరుగుతుంది. అరవైతో భాగిస్తే సరిగ్గా 24. వీల్‌ను అనుమానించడం మాని పంపు దగ్గరికి వెళ్లండి. ఖరీదైన సెన్సరు చెప్పేలోపే గాజు చెప్పేస్తుంది.

సెన్సరు విషయంలో ఒక జాగ్రత్త కూడా అవసరం. గాజు మీద గీత పడేది వీల్‌కూ గాజుకూ మధ్య దూరం మారితేనే. రెండూ కలిసి ఊగితే ఏమీ పడదు. స్పిండిల్ మీద అంటించిన యాక్సెలరోమీటరుకు ఈ తేడా తెలియదు. పైగా అది చూసేది త్వరణాన్ని. సెకనుకు వందసార్లు 50 నానోమీటర్ల ఊపు ఉంటే గురుత్వ త్వరణంలో వెయ్యింట రెండు వంతులు చూపిస్తుంది. అదే 50 నానోమీటర్లు సెకనుకు పదిసార్లయితే సంకేతం వంద రెట్లు పడిపోతుంది. అంటే నెమ్మదైన వణుకు, ఎడమైన అల, సెన్సరు కళ్లుగప్పుతుంది. సెన్సరు గ్రాఫు శుభ్రంగా ఉంది కాబట్టి యంత్రం శుభ్రమని తేల్చిన నివేదికలను ఈ ఒక్క కారణంతో పక్కన పెట్టవచ్చు.

ఇక మొదటి జట్టు మీద నా ఫిర్యాదు. దృఢత్వం మీద వాళ్లకున్న భక్తిలో, ఖర్చులేని మందులు మరుగున పడిపోయాయి. వీల్ 6000 చుట్లు, జాబ్ 60 చుట్లు తిరిగితే నిష్పత్తి సరిగ్గా 100. ప్రతి చుట్టులోనూ ఎత్తు మీదే ఎత్తు, పల్లం మీదే పల్లం పడి గీతలు ముదురుతాయి. వీల్‌ను 6030కి మార్చండి. నిష్పత్తి 100.5 అవుతుంది. ఈ చుట్టులో మిగిలిన ఎత్తును వచ్చే చుట్టు పల్లం కోసేస్తుంది. మీట తిప్పడం తప్ప పైసా ఖర్చు లేదు. రెండో మందు వీల్ గుండ్రదనంలోనే ఉంది. పది సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న వీల్ తన వంపు కంటే ఇరుకైన పల్లంలోకి దిగలేదు. జాబ్ సెకనుకు 83 మిల్లీమీటర్లు జరుగుతుంటే, సెకనుకు వంద వణుకుల దగ్గర అలల ఎడం 0.83 మిల్లీమీటర్లు. ఆ ఎడంలో వీల్ వదలగలిగే అల 870 నానోమీటర్ల ఎత్తు దాకా ఉండవచ్చు. జాబ్ వేగం అయిదో వంతుకు తగ్గిస్తే ఆ హద్దు ఇరవైఅయిదో వంతుకు, 35 నానోమీటర్లకు పడిపోతుంది. యంత్రం ఎంత వణికినా అంతకు మించి మిగలదు. దీనికి వెల టైము. ఆ వెల చెల్లించాలా వద్దా అన్నది చివరి కోత దగ్గర నిర్ణయించుకోవలసిన విషయం, మొదటి కోత దగ్గర కాదు.

నేలను బిగించడం మీద పెట్టే డబ్బు గురించీ ఇదే మాట. గాలిబెల్లోల మీద యంత్రాన్ని నిలబెడితే బయటి లారీ, రైలు, ప్రెస్సు వణుకు చాలావరకు ఆగుతుంది. స్పిండిల్, పంపు, వీల్ యంత్రం లోపలే ఉన్నాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, గాలిబెల్లోల సంగతి చెప్పాలా.

ఇంకో రకం వణుకు ఉంది, దీనికి బయటి కారణం అక్కర్లేదు. మట్టిరోడ్డు మీద మొదటి బస్సు చేసిన చిన్న గతుకులో రెండో బస్సు చక్రం ఎగిరి పడి, దాన్ని పెంచి, తరవాత గతుకును తవ్వుతుంది. కొన్నాళ్లకు రోడ్డంతా ముడతల రేకులా తయారవుతుంది. లేత్ మీద పనిచేసేవాళ్లు చాటర్ అనేది దీన్నే. 1907లో అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ మెషినిస్టు చిక్కులన్నిటిలో అంతుపట్టనిది ఇదేనని ఒప్పుకున్నాడు. లేత్ చాటర్‌కు తోబియాస్, ట్లుస్టీ వంటివాళ్లు 1950, 60లలో సిద్ధాంతం కట్టారు. గ్రైండింగు సంగతి వేరు, ఇక్కడ గతుకులు జాబ్ మీదే కాక వీల్ మీద కూడా పడతాయి. వజ్రపు వీల్ మెల్లిగా అరుగుతుంది కాబట్టి దాని మీద గతుకులు పెరగడానికి చాలాసేపు పడుతుంది. అందుకే పొద్దున చేసిన లెన్సులు బాగుండి సాయంత్రం చేసినవి చెడిపోతాయి. సెట్టింగు ఒకటే, ప్రోగ్రాము ఒకటే, ఆపరేటరు ఒకడే. అతని మీద అరవడం అన్యాయం. 2001లో ఇనసాకి, కార్పుషెవ్‌స్కీ, లీ కలిసి గ్రైండింగు చాటర్ పరిశోధనలన్నిటినీ ఒక చోట సమీక్షించారు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇప్పటికీ అక్కడినుంచి మొదలెట్టడం మేలు. వీల్‌ను వేళకు డ్రెస్సింగ్ చేయడం (పైపొర తీసి గుండ్రదనం, పదును తిరిగి తేవడం), వేగాన్ని అదేపనిగా కొంచెం అటూఇటూ మారుస్తూ గతుకులకు తాళం తప్పించడం, వజ్రపు పొడిని రెజిన్‌తో అతికిన కాస్త మెత్తటి రెజిన్ బాండ్ వీల్ వాడటం వంటివి పనిచేస్తాయి. రెజిన్ వీల్ త్వరగా అరిగి ఆకారం పోగొట్టుకుంటుంది. అలను వదిలించుకుంటే ఆకారదోషం వచ్చి కూర్చుంటుంది.

వణుకు చేసే రెండో హాని కంటికి అసలు కనబడదు. 1991లో బిఫానో, డౌ, స్కాటర్‌గుడ్ గాజు వంటి పెళుసు పదార్థాలను కూడా పగుళ్లు లేకుండా లోహంలా తొలచవచ్చని, అందుకు వజ్రపు కణం కొరికే లోతు ఒక హద్దు దాటకూడదని సూత్రంతో సహా చూపారు. మామూలు ఆప్టికల్ గాజుకు ఆ సూత్రంలో అంకెలు వేస్తే హద్దు సుమారు 25 నానోమీటర్లు వస్తుంది. దాటితే అడుగున పగుళ్లు. అయితే ఆ లోతు ఒక్కో కణం కొరికే లోతు. వీల్ మొత్తం దిగిన లోతు కాదు. ఈ రెంటినీ కలిపేసి, వీల్‌ను పది మైక్రాన్లు దింపారు కనుక పగుళ్లు తప్పవనో, ఒక మైక్రానే దింపారు కనుక పగుళ్లుండవనో తేల్చిన రచనలు లేకపోలేదు. వణుకు ఆ కణాన్ని సుత్తిలా గాజు మీద వేస్తుంది. సగటు లోతు హద్దు లోపలే ఉన్నా ప్రతి దెబ్బా హద్దు దాటవచ్చు. అల ఎత్తు తక్కువ, కింద పగులు ఎక్కువ అన్న వింత ఇలా పుడుతుంది. అమెరికాలోని రాచెస్టర్‌లో ల్యాంబ్రొపౌలోస్ ఇచ్చిన మోటు లెక్క ప్రకారం పగుళ్ల లోతు వజ్రపు కణం సైజుకు రెట్టింపు మించదు. పది మైక్రాన్ల కణమైతే ఇరవై మైక్రాన్లు. పాలిష్‌లో గంటకు మైక్రాను పోతుందనుకుంటే ఇరవై గంటలు. పాలిష్‌లో అంతా పోతుంది అన్నవాళ్లు కట్టవలసిన బిల్లు ఇది. తొందరపడి ముందే ఆపేస్తే పైపొర కప్పేసి మెరుస్తుంది, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచగానే పగుళ్లు మళ్లీ నోరు తెరుస్తాయి.

యంత్రాన్ని బిగించిన జట్టు సాధించినదాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1980లలో లివర్‌మోర్‌లో కట్టిన పెద్ద ఆప్టిక్స్ లేత్, వజ్రపు మొనతో మీటరున్నర పైబడిన అద్దాలను తిప్పి చెక్కేది. అక్కడే జిమ్ బ్రయన్ ఉష్ణోగ్రత నిలపడానికి యంత్రం మీద నూనె జల్లు కురిపించే పద్ధతిని నిలబెట్టాడు. ముప్పై సెంటీమీటర్ల ఉక్కు ఒక్క డిగ్రీకి మూడున్నర మైక్రాన్లు సాగుతుందని గుర్తుంటే ఆ జల్లు విలాసం అనిపించదు. 1989లో జపాన్‌లో నాంబా బృందం వేడికి సాగని గాజుసిరామిక్‌తో స్పిండిల్‌నే చేసింది. గాజును కోసే యంత్రానికి గాజు ఇరుసు! మరుసటి ఏడాది ఒమోరి, ఇనుప బాండ్ వీల్‌ను పని జరుగుతుండగానే విద్యుత్తుతో డ్రెస్సింగ్ చేసే పద్ధతి తెచ్చాడు. వీల్ ఎప్పుడూ పదునుగా ఉంటే బలాలు తగ్గి, గతుకులు ముదిరే అవకాశం తగ్గుతుంది. ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్ వాళ్లు 2000 తరవాత మీటరున్నర అద్దాల కోసం బాక్స్ అనే గ్రైండరు కట్టారు. చదరపు మీటరు పనిని ఒక్కో దశకు పది గంటల్లో ముగించడం, మైక్రాను ఆకారం, అడుగున కొద్ది మైక్రాన్లకు మించని పగుళ్లు వాళ్లు పెట్టుకున్న గురి. పాలిష్ గంటలను లెక్కలోకి తీసుకుని గ్రైండరును గీయడం మొదలైందనడానికి అదే నిదర్శనం. ఈ జట్టు అంతటిలో నాకు ఎక్కువ నచ్చే ఆలోచన అది.

పుట్టాక తుడిచే జట్టు దగ్గర కూడా గట్టి పనిముట్లున్నాయి. 1970లలో ఐటెక్ కంపెనీ కంప్యూటరు నడిపే చిన్న పాలిష్ పనిముట్టుతో మొదలుపెట్టింది. బెలారుస్‌లోని మిన్‌స్క్‌లో మొలకెత్తి 1990లలో రాచెస్టర్‌లో ఎదిగిన పద్ధతిలో, అయస్కాంతం దగ్గర గట్టిపడే ద్రవమే పనిముట్టు. ఆకారదోషానికి ఇవి దివ్యంగా పనిచేస్తాయి. అలల దగ్గరే చిక్కు. పనిముట్టు వెడల్పు కన్నా ఇరుకైన అలను అవి తుడవలేవు. పైగా వరసవరసగా నడిచి సొంత చాళ్లు కూడా వేస్తాయి. దానికి విరుగుడుగా పనిముట్టును క్రమం లేని వంకరదారిలో నడపడం కనిపెట్టారు. ఆ దారిలో అలల ఎత్తైన శిఖరాలు గ్రాఫులో మాయమవుతాయి. కానీ దోషం మాయం కాలేదు, అన్ని ఎడాల్లోకీ పంచుకుంది. దయ్యాన్ని ఊరవతలికి తరమడం వేరు, ఊరంతటికీ పంచడం వేరు. చాలా పనులకు ఆ పంపకం చాలు, అన్నిటికీ చాలదు. ఆరిజోనా విశ్వవిద్యాలయంలో కిమ్, బర్జ్ 2010లో చూపిన పనిముట్టు ఇంకొంచెం నిజాయితీగలది. నెమ్మదిగా ఒత్తితే ఒదిగి, త్వరగా కదిలితే బిగుసుకునే పదార్థాన్ని లోపల పెట్టారు. న్యూటన్ పిచ్ చేసే పనినే కంప్యూటరు చేతికి అందించారన్న మాట.

థర్టీ మీటర్ టెలిస్కోపు అద్దాల్లోనూ ఆ పాతబడి జాడ ఉంది. దాని పెద్ద అద్దాన్ని కూర్చడానికి సుమారు 1.44 మీటర్ల ముక్కలు 492 కావాలి, వాటి ఆకారం గోళం కాదు. వాటిలో భారత్ వాటా కోసం బెంగళూరు శివార్లలోని హొసకోటలో భారత ఖగోళ భౌతిక సంస్థ ఒక వర్క్‌షాపు కట్టింది. అక్కడ ఎంచుకున్న దారి, కెక్ టెలిస్కోపు కోసం జెర్రీ నెల్సన్, లుబ్లినర్ 1980లో ఆలోచించినది. గాజుపలకను అంచుల దగ్గర పట్టి లెక్క ప్రకారం వంచుతారు. వంచి ఉండగానే, పలకంత పెద్ద పనిముట్టుతో మామూలు గోళంలా పాలిష్ చేస్తారు. పట్టు వదలగానే పలక తిరిగి విచ్చుకుని, కావలసిన గోళం కాని ఆకారంలోకి వస్తుంది. పెద్ద పనిముట్టు తేలుతుంది, సగటు చేస్తుంది, చాళ్లు వేయదు. ఆ తరవాత పలకను షడ్భుజంగా కోస్తారు, కోసినప్పుడు లోపలి ఒత్తిళ్లు సడలి ఆకారం కాస్త మారుతుంది. ఆ మార్పును అయాన్ కిరణంతో అణువు అణువుగా చెక్కి సరిచేస్తారు. కిరణానికి గాజును తాకే పనిముట్టు లేదు, కనుక వణుకూ లేదు. అయితే దాని వెడల్పు కన్నా సన్నని అల ఏదైనా అంతకుముందే గాజు మీద ఉంటే, కిరణం ఎత్తునూ పల్లాన్నీ సమానంగా తొలచుకుంటూ పోతుంది. అల అలాగే ఉంటుంది, మైక్రానులో కొంత వంతు కిందికి దిగి.